ప్రత్యర్థుల వేట, ఒక పురాతన వస్తువు: కలిసి రాసే సాహసకథపై తరచుగా అడిగే ప్రశ్నలు

కలిసి సాహసకథ రాద్దామని కూర్చున్న ప్రతి బృందానికీ దాదాపు ఇవే సందేహాలు వస్తాయి. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాను. మీరు ఏ దశలో ఉంటే నేరుగా ఆ దశకు వెళ్లండి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకున్నా అర్థమవుతుంది. నా పట్టుదల ఒక్కటే, అది చాలాచోట్ల కనిపిస్తుంది: ఆ వస్తువు ఏమిటో, న్యాయంగా ఎవరికి చెందాలో మొదటి వాక్యం రాయకముందే తేల్చుకోండి. చివరికి ఎవరి చేతికి చిక్కుతుందో మాత్రం ముందుగా తేల్చకండి.

## మొదలుపెట్టే ముందు

ఎంతమంది కలిసి రాస్తే బాగుంటుంది?

ముగ్గురి నుంచి ఐదుగురు. ఇద్దరే అయితే పోటీ అటూ ఇటూ లాగుడుగా మిగిలిపోతుంది. మూడో పక్షం ఉంటేనే పొత్తులు, అనుమానాలు, వెన్నుపోట్లు పుడతాయి. ఆరుగురు దాటితే తన వంతు మళ్లీ వచ్చేసరికి రచయిత తన పాత్ర గొంతునే మరిచిపోతాడు.

కథంతా ముందే అనుకోవాలా, లేక రాసుకుంటూ పోతే సరిపోతుందా?

రెండూ కాదు. నాలుగు సంగతులు మాత్రం ముందే రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి: వస్తువు ఏమిటి, దాన్ని ఎవరు ఎందుకు దాచారు, ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదు, ఇప్పుడే వేట ఎందుకు మొదలైంది. ఈ నాలుగూ కథ కన్నా ముందే జరిగిపోయిన చరిత్ర. దాన్ని మధ్యలో మార్చితే అప్పటిదాకా ఇచ్చిన ఆధారాలన్నీ అబద్ధాలవుతాయి. జరగబోయే కథను మాత్రం వదిలేయండి. రేపటి మలుపు సహరచయితలకూ తెలియనప్పుడే రాతలో ఉత్కంఠ ఉంటుంది.

గొలుసు నవలల్లో ఈ విషయమై గట్టి ఉదాహరణ 1931లో ఇంగ్లండులోని డిటెక్షన్ క్లబ్ అనే అపరాధ పరిశోధన కథల రచయితల సంఘం సభ్యులు తలా ఒక అధ్యాయం రాసిన ‘ది ఫ్లోటింగ్ అడ్మిరల్’. అందులో ప్రతి రచయితా తన మనసులో ఒక పరిష్కారాన్ని స్పష్టంగా పెట్టుకునే రాయాలి, ముందువాళ్లు వదిలిన చిక్కులన్నిటికీ నిజాయతీగా జవాబు చెప్పాలి. ఆ పరిష్కారాలను పుస్తకం చివర అచ్చు వేశారు కూడా. మీరూ ప్రతి విడతతోపాటు “నా లెక్క ప్రకారం కథ ఇటు పోతోంది” అని రెండు వాక్యాలు రాసి విడిగా దాచండి. ఎవరూ తోచిన మలుపు విసిరేసి తప్పుకోకుండా ఇది ఆపుతుంది.

కథను ఏ కాలంలో పెట్టాలో తేలడం లేదు. తేడా ఏముంటుంది?

చాలా ఉంటుంది. కాలం మారితే పాత్రలకు అడ్డుపడేదీ మారుతుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వస్తువును కనిపెట్టడం ఒక ఎత్తయితే దాన్ని కదిలించడం మరో ఎత్తు. ఈజిప్టులోని ఫిలే ద్వీపం నుంచి పురావస్తువులు సేకరించే బెల్జోనీ అనే ఇటాలియన్ ఒక రాతి స్తంభాన్ని పడవకు ఎక్కిస్తుంటే కింద కట్టిన రాళ్ల దిమ్మ కుంగి, స్తంభం నైలు నదిలోకి జారిపోయింది. మళ్లీ పైకి తీశాక గాని ప్రయాణం సాగలేదు. అలాంటి కాలంలో తాళ్లు, దూలాలు, కూలీల ఓపిక, నది మట్టం కథను నడుపుతాయి.

1920ల నాటికి పద్ధతి వచ్చింది. ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి 1922 నవంబరులో బయటపడితే, ప్రతి వస్తువుకూ ఫొటో తీసి, నమోదు చేసి బయటికి తేవడానికి దాదాపు పదేళ్లు పట్టింది. తొందరపడే వేటగాడికి, ఓపికపట్టే పరిశోధకుడికి మధ్య ఘర్షణ కావాలంటే ఇది మంచి కాలం. ఇక నేటి కథ అయితే చట్టాన్ని మరిచిపోవద్దు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. వస్తువు ఎక్కడినుంచి ఎలా వచ్చిందో కాగితం చూపమని పేరున్న మ్యూజియాలు అడుగుతాయి. కాబట్టి నేటి దొంగకు వస్తువు దొరకడంతో సగం పనే అవుతుంది. మిగతా సగం దానికొక పుట్టుపూర్వోత్తరాల చరిత్ర సృష్టించడం. ఆ దొంగ కాగితాలు తయారుచేసే మనిషి మంచి పాత్ర అవుతాడు, ఎందుకో గాని ఎవరూ రాయరు.

అందరం ఒకే కథానాయకుణ్ణి రాయాలా, తలా ఒక పాత్ర తీసుకోవాలా?

పోటీ కథకు తలా ఒక పాత్రే మేలు. ఒక్కో రచయిత ఒక్కో పక్షానికి మనస్ఫూర్తిగా వాదించాలి. ఒకే పాత్రను అందరూ రాస్తే అతను అధ్యాయానికో రకంగా మాట్లాడతాడు.

## వస్తువు గురించి

దానికి మాయాశక్తి తప్పనిసరా?

అక్కర్లేదు. శక్తి పెడితే దాని హద్దును మొదటిరోజే రాసుకోండి: ఏం చేయగలదు, ఏం చేయలేదు, వాడినవాడు ఏం పోగొట్టుకుంటాడు. హద్దు లేని శక్తి ఏ రచయితకు చిక్కితే ఆ రచయిత చేతిలో ఆయుధమైపోతుంది, నాలుగో విడతకల్లా కథలో ప్రమాదమంటూ మిగలదు. నన్నడిగితే, శక్తి ఉందో లేదో తెలియని వస్తువు అన్నిటికన్నా బలమైనది. ఒక పాత్ర నమ్ముతుంది, ఇంకో పాత్ర నమ్మదు, జరిగిన సంఘటన రెండు రకాలుగానూ సరిపోతుంది.

మా వస్తువు అట్టముక్కతో చేసినట్టుంది, బరువే లేదు. నమ్మేలా ఎలా రాయాలి?

నిజంగా బరువు లెక్క కట్టండి. లీటరు సీసా అంత ఘన బంగారం 19 కిలోల పైనే తూగుతుంది. దాన్ని ఒంటిచేత్తో పట్టుకుని తాటివంతెన మీద పరుగెత్తే నాయకుణ్ణి పాఠకుడు నమ్మడు. అంతే పరిమాణంలో కంచు ఎనిమిది, తొమ్మిది కిలోలు ఉంటుంది. బరువు తెలిసిన మరుక్షణం కథకు పనికొచ్చే ప్రశ్నలు వస్తాయి: ఎవరు మోస్తారు, మోసేవాడు పరుగెత్తగలడా, కింద పెట్టినప్పుడు చప్పుడవుతుందా?

తర్వాత పదార్థం. బంగారం మట్టిలో ఎన్నాళ్లున్నా మెరుపు పోదు. కంచు పచ్చబారుతుంది. ఇనుము సముద్రంలో ఉప్పు పీల్చుకుంటుంది, పైకి తీసి ఊరికే ఆరబెడితే పగిలి పొరలుగా రాలిపోతుంది. నీటిలో నానిన పురాతన చెక్క గాలికి ఆరితే ముడుచుకుని చీలిపోతుంది. అంటే వస్తువును దక్కించుకున్న క్షణమే దాన్ని పాడుచేసే క్షణం కావచ్చు. ఈ సంగతి తెలిసిన పాత్ర ఒకటి, తెలియని పాత్ర ఒకటి ఎదురెదురుగా నిలబడితే తుపాకీ లేకుండానే దృశ్యం వేడెక్కుతుంది.

ఇంకొక మాట: దొరికినప్పుడు అది అందంగా ఉండనక్కర్లేదు. గ్రీసులో ఆంటికిథెరా దీవి దగ్గర మునిగిన ఓడ నుంచి 1901లో పైకి తీసిన వస్తువుల్లో తుప్పు ముద్దలాంటిది ఒకటి ఉంది. అందరి కళ్లూ విగ్రహాల మీదే. 1902లో గాని ఆ ముద్దలో పళ్లచక్రం ఉందని ఎవరూ గమనించలేదు. అదే సూర్యచంద్రుల గమనాన్ని లెక్కగట్టే యంత్రమని తర్వాత తేలింది. మీ ప్రత్యర్థుల్లో ఒకరు అసలు వస్తువును అవతలికి నెట్టి, పక్కనున్న విగ్రహాన్ని ఎత్తుకుపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అది ఎన్నేళ్ల నాటిదో పాత్రలు ఎలా కనిపెట్టాలి?

కార్బన్ పరీక్ష చేయించారని రాసేస్తుంటారు. ఆ పరీక్ష ఒకప్పుడు ప్రాణమున్న పదార్థానికే పనికొస్తుంది: చెక్క, బొగ్గు, ఎముక, గుడ్డ, గింజ. అదీ దాదాపు 50,000 ఏళ్ల లోపు వాటికి. బంగారు కిరీటం వయసు, రాతి విగ్రహం వయసు అది చెప్పదు. పద్ధతి 1940ల చివర్లో వచ్చింది కాబట్టి అంతకుముందు నడిచే కథలో పెట్టకూడదు. కిరీటం చుట్టిన గుడ్డను పరీక్షించవచ్చు. అయితే ఆ గుడ్డ తర్వాతి కాలంలో ఎవరైనా చుట్టినదైతే? మీకు ఒక మలుపు దొరికినట్టే. పాత కాలపు కథలో లిపి తీరు, కుండపెంకులు, మట్టి పొరల వరుస ఆ పని చేస్తాయి.

చివర్లో నకిలీ అని తేలిస్తే పాఠకులు తిట్టుకుంటారా?

ఆధారాలు ముందే ఇస్తే తిట్టుకోరు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 1896లో ప్రాచీన శక రాజుదంటూ ఒక బంగారు కిరీటం కొన్నది. అది ఒడెస్సాకు చెందిన రుఖమోవ్‌స్కీ అనే స్వర్ణకారుడు చేసినదని 1903లో తేలింది. ఆయన పారిస్ వచ్చి తన పనితనం చేసి చూపించాల్సి వచ్చింది. ఇక్కడ కథకు కావలసింది మోసం బయటపడటం ఒక్కటే కాదు. అంత గొప్ప చేయి ఉన్న మనిషి తన పేరు కాక వేరెవరి పేరో మోస్తున్న వస్తువును చూసినప్పుడు ఏమనుకున్నాడన్నది. నకిలీ అని తేల్చేటట్టయితే, దాన్ని చేసినవారికి మీ కథలో ముఖం ఉండాలి.

నిజంగా ఉన్న జాతి పవిత్ర వస్తువును వాడుకోవచ్చా?

వాడుకుంటే ఆ జాతి మనుషులు కథలో వేటగాళ్లకు దారి చూపే కూలీలుగా మాత్రమే మిగలకూడదు. వాళ్లలో ఒకరు పోటీలో ఉన్న పక్షం కావాలి. వస్తువు గురించి అందరికన్నా ఎక్కువ తెలిసింది వాళ్లకే. వాళ్ల నమ్మకాన్ని సరిగ్గా రాసేంత తెలియకపోతే జాతినీ దీవినీ కల్పించుకోండి. వేటకథలు ఎన్నోసార్లు ‘దొరికినవాడిదే వస్తువు’ అనే ఊహమీద నడిచాయి. ఆ ఊహను మీ పాత్రల్లో ఎవరో ఒకరు నిలదీయకపోతే కథ సగమే అయినట్టు.

## ప్రత్యర్థుల గురించి

ప్రత్యర్థి అంటే దుర్మార్గుడే కదా?

కాదు. ప్రత్యర్థి అంటే అదే వస్తువు కావాల్సిన మరో మనిషి, అంతే. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి: ప్రతి పాత్రా తనకు ఆ వస్తువు ఎందుకు కావాలో ఒకే వాక్యంలో చెప్పాలి, ఆ వాక్యం విన్న మిగతా రచయితలు “నిజమే, పాపం” అనుకోవాలి. “ప్రపంచాన్ని ఏలాలి” అనే వాక్యానికి ఎవరూ అలా అనుకోరు. “మా నాన్నను దొంగ అన్నారు, ఆయన తీయలేదని ఆ కంచు గంట ఒక్కటే చెప్పగలదు” అంటే అనుకుంటారు.

చరిత్రలో ఇలాంటి జంట ఉంది. ఈజిప్టులో 1810లలో పురావస్తువుల కోసం బ్రిటిష్ కాన్సుల్ తరఫున బెల్జోనీ, ఎదుటిపక్షాన ఒకప్పటి ఫ్రెంచి కాన్సుల్ డ్రొవెత్తి పోటీపడ్డారు. మొదట్లో ఒక రాతి శవపేటిక మూతను డ్రొవెత్తి తన మనుషులు బయటికి తీయలేకపోవడంతో బెల్జోనీకే బహుమతిగా ఇచ్చేశాడు. అదే స్పర్ధ ముదిరి 1818 చివర్లో కర్ణాక్ దగ్గర డ్రొవెత్తి మనుషులు తనను తుపాకులతో అడ్డగించారని బెల్జోనీ రాసుకున్నాడు. మర్యాదల నుంచి తుపాకుల దాకా సాగిన ఆ దారే రాయదగ్గది. మొదటి పేజీలోనే కత్తులు దూసుకుంటే ముదరడానికి ఏమీ మిగలదు.

నా పాత్రను పక్కవాళ్లు ప్రతిసారీ తెలివితక్కువగా చూపిస్తున్నారు. ఏం చేయాలి?

నేరుగా చెప్పండి, ఆలస్యం చేయకండి. ఈ రకం కథలు ఆగిపోవడానికి నేను చూసిన అతి పెద్ద కారణం ఇదే. బృందానికి ఒక నియమం పెట్టుకోండి: ఇతరుల పాత్ర ఓడిపోవచ్చు, కానీ అప్పుడు తనకున్న సమాచారంతో తెలివిగానే ప్రవర్తించి ఓడిపోవాలి. మూర్ఖుణ్ణి గెలిస్తే గెలిచినవాడికీ విలువ ఉండదు. ఇంకొకరి పాత్ర పలికే మాటలను ఆ పాత్ర రచయితకు ముందుగా చూపించి, మార్చమన్నవి మార్చండి.

ఒకరి పాత్రను ఇంకొకరు చంపేయవచ్చా?

ఆ పాత్ర రచయిత ఒప్పుకుంటేనే. గాయపరచడం, బంధించడం, వస్తువు లాగేసుకోవడం అనుమతి లేకుండా చేయవచ్చని చాలా బృందాలు అనుకుంటాయి, అది సరిపోతుంది. పాత్ర పోయిన రచయితకు మరో పాత్ర సిద్ధంగా ఉంచండి.

ప్రత్యర్థులు ఎప్పుడు ఎదురుపడాలి?

మీరనుకున్నదాని కన్నా ముందే. మొదటి మూడు విడతల్లో ఒకసారి, అదీ పోట్లాటకు కాదు: ఒకే పడవ కోసం, ఒకే అనువాదకురాలి కోసం, ఒకే గదిలో వర్షం తగ్గేదాకా. ఒకరి నుంచి ఒకరు ఏదో నేర్చుకుని విడిపోవాలి.

## రాస్తుండగా

ఆధారాలు మరీ సులువుగా, లేకపోతే మరీ మాయగా తయారవుతున్నాయి. మంచి ఆధారం ఎలా ఉంటుంది?

మంచి ఆధారాన్ని అందరూ చూస్తారు, సరిగ్గా చదివేది ఒకరు. దానికి కొత్త తాళం చెవి అక్కర్లేదు, లోకజ్ఞానం చాలు. ఒక ఉదాహరణ. పాత ఫ్రెంచి నావికుడి చిట్టాలో రేఖాంశం, అక్షాంశం స్పష్టంగా ఉన్నాయి. ఒక జట్టు ఆ అంకెల ప్రకారం వెళ్లి తవ్వితే అక్కడ ఏమీ లేదు. ఎందుకంటే లండన్ దగ్గరి గ్రీనిచ్‌ను రేఖాంశాలు లెక్కించే మూలరేఖగా అంతర్జాతీయ సమావేశం ఎంచుకున్నది 1884లో. ఫ్రెంచి పటాలు అంతకుముందు పారిస్ నుంచి రేఖాంశాలు లెక్కించేవి. రెండింటికీ తేడా 2 డిగ్రీల 20 నిమిషాలు, భూమధ్యరేఖ దగ్గర దాదాపు 260 కిలోమీటర్లు. చిట్టా మీద తేదీ మొదటి అధ్యాయం నుంచీ పాఠకుడి కళ్లెదుటే ఉంది. రెండో జట్టు ఆ తేదీని పట్టించుకుంది.

నేల కూడా ఇలాంటి పని చేస్తుంది. నదులు దారి మార్చుకుంటాయి, రేవులు పూడిపోతాయి. ఒకప్పుడు పెద్ద రేవుపట్నమైన ఎఫెసస్ శిథిలాలు ఇప్పుడు సముద్రానికి కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. “తీరాన నిలబడి ఉత్తరానికి నూరడుగులు” అన్న మాటలో ఏ తీరం అన్నదే చిక్కుముడి.

ప్రతి ఆధారానికీ దాన్ని వదిలినవారి కారణం రాసుకోండి. దాచాలనుకున్నవాడు పొడుపుకథలు ఎందుకు రాస్తాడు? తనవాళ్లకే తెలియాలని రాస్తే, ఆ తనవాళ్లు ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు లేని ఆధారాన్ని తీసేయండి.

ఎవరికి ఏం తెలుసో గందరగోళమైపోతోంది. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

గుర్తుపెట్టుకోవద్దు, రాసిపెట్టండి. అందరూ తెరవగలిగే ఒకే ఫైలులో, విడత ముగిసిన ప్రతిసారీ దాన్ని రాసినవారే నాలుగు వరుసలు నింపాలి. వేటాడే వస్తువు ఒక కంచు గంట అనుకుంటే, ఒక పేజీ ఇలా ఉంటుంది:

ఆరో విడత ముగిసేసరికి.
గంట: గుహలో, మోకాలి లోతు నీటిలో. అంచున వేలెడు పగులు ఉంది, మూడో విడతలో పడింది.
తెలిసినవారు: పడవ నడిపే మనిషికి పూర్తిగా తెలుసు. శాసనాలు చదివే ఆమెకు గుహ తెలుసు, గంట నీటిలో ఉందని తెలియదు. వ్యాపారికి ఏమీ తెలియదు, తెలిసినట్టు నటిస్తున్నాడు.
గాయాలు: పడవ మనిషి ఎడమ చేయి పట్టు తప్పింది.
సమయం: రేపు అమావాస్య, పోటు ఎత్తుగా వస్తుంది.

చివరి వరుస చూడండి. మోకాలి లోతు నీరు రేపటికి అలాగే ఉండదు, ఒంటిచేత్తో కంచు గంట పైకి రాదు. తర్వాతి రచయితకు ఏం రాయాలో చెప్పకుండానే పని దొరికింది. మీ ఫైలులో ‘తెలిసినవారు’ అన్న వరుస ఒక్కటి ఉంచినా చాలు, సగం తప్పులు ఆగిపోతాయి.

ముందు రాసినవారు నా పాత్రను బయటపడలేని చోట ఇరికించారు. కల అని తేల్చేయవచ్చా?

వద్దు. కల అన్నారంటే పక్కవారి రాతను చించేసినట్టే. ముందు విడతను మళ్లీ నిదానంగా చదవండి. మీకు పనికొచ్చే వస్తువో మనిషో అందులో తప్పకుండా ఉంటారు. నిజంగా ఏమీ లేకపోతే ఆ రచయితనే అడిగి ఒక వాక్యం చేర్పించుకోండి. ప్రత్యర్థి చేతనే విడిపించుకుని అతనికి రుణపడటం నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి. ఆ రుణం చివరి విడతలో ఎంతో పని చేస్తుంది.

తన వంతు వచ్చినా రాయనివారితో ఎలా?

గడువు ముందే అనుకోండి. గడువు దాటితే వంతు తర్వాతివారికి పోతుంది, పాత్ర మాత్రం చెక్కుచెదరదు. అలిగారో, ఇబ్బందుల్లో ఉన్నారో ఫోను చేసి కనుక్కోండి.

మధ్యలో కథ చల్లబడింది. అందరూ తిరుగుతున్నారు, ఏమీ జరగడం లేదు.

వస్తువును ఎవరికో ఒకరికి ఇచ్చేయండి. వేటకథలో దొరకడాన్ని చివరికి దాచుకోవడం అలవాటు. సగంలోనే దొరికిందనుకోండి: దాన్ని దాచాలి, మోయాలి, పక్కనున్నవాళ్లను నమ్మాలో లేదో తేల్చుకోవాలి. అప్పటిదాకా ఒకరి పక్కన ఒకరు నడిచినవాళ్లు ఆ రాత్రి నిద్రపోరు.

## ముగింపు, ఆ తర్వాత

చివరికి ఎవరికి దక్కాలో మాలో మాకే గొడవగా ఉంది. ఎలా తేల్చాలి?

ఓటు వేయకండి, చీటీలు తీయకండి. మొదట ‘దక్కడం’ అన్నదాన్ని విడదీయండి. ప్రాచీన ఈజిప్టు బొమ్మల లిపి చెక్కిన రోసెట్టా శిలను 1799లో ఈజిప్టులో ఫ్రెంచి సైనికులు కనుక్కున్నారు. యుద్ధంలో ఓడిపోయి 1801లో దాన్ని బ్రిటన్‌కు అప్పగించారు. శిల లండన్ చేరింది. 1822లో ఆ లిపి గుట్టు విప్పింది మాత్రం ఫ్రాన్సులో ప్రతుల మీద పనిచేసిన షాంపోలియన్. బ్రిటన్‌లో థామస్ యంగ్ ఆయనకు పోటీ. కనుక్కున్నది ఒకరు, పట్టుకుపోయింది ఒకరు, చదివింది మరొకరు. అది పుట్టిన నేల ఈజిప్టు, శిలను తిరిగి ఇవ్వమని అక్కడివాళ్లు అడుగుతున్నారు.

మీ పాత్రలకూ ఇలాగే పంచండి. గంట ఒకరికి, గంట మీది రాత అర్థం ఇంకొకరికి, తండ్రి నిర్దోషి అన్న మాట మరొకరికి. ఎవరికి ఏది అవసరమో వాళ్ల మొదటి వాక్యంలోనే ఉంటుంది. ప్రతి రచయితా తన పాత్ర ఏం వదులుకుంటుందో ముందు చెప్పాలి, ఏం కావాలో తర్వాత. ఈ వరుసలో మాట్లాడుకుంటే గొడవ చాలావరకు అక్కడే చల్లారుతుంది.

వస్తువు నాశనమైపోయి ఎవరికీ దక్కకపోతే న్యాయంగా ఉంటుంది కదా?

తేలికగా ఉంటుంది. గుహ కూలడం, సముద్రం మింగడం రచయితలను నిర్ణయం నుంచి తప్పిస్తాయి. నాశనం చేయాలనుకుంటే అది ఒక పాత్ర తెలిసి చేసిన పని కావాలి, దాన్ని చేయగలిగిన ఒకే మనిషి ఆ పాత్రే కావాలి.

పూర్తయిన కథను ప్రచురించవచ్చా? హక్కులు ఎవరివి?

రాసిన అందరూ ఒప్పుకుంటేనే ప్రచురించండి. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, కలిసి రాసినదాన్ని భాగాలుగా విడదీయగలమా లేదా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే మొదటి విడతకు ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: పేర్లు ఏ వరుసలో, డబ్బు వస్తే ఎవరికెంత, మధ్యలో మానుకున్నవారి విడతలు ఉంచవచ్చా, తమ పాత్రతో ఎవరైనా విడిగా మరో కథ రాసుకోవచ్చా. ప్రచురణకు ముందు ఒక్కరే మొత్తం చదివి తేదీలు, దూరాలు, గాయాలు సరిచూడాలి. ఆ పనికి కథ రాయని మనిషి దొరికితే ఇంకా మంచిది.